ఊళ్లు కట్టిన వేషములు

గడచిన కార్తికమాసమున మేము కోయిలకుంట్లనుండి యాగంటికి పోవుచు, దారిలో బనగానపల్లె వెలుపల నొక పాత మేడకడ బండి దిగితిమి. చుట్టును పొలములు, నడుమ నొంటరిగా నిలిచిన మేడ. గోడలపై గచ్చు పెచ్చులు పెచ్చులుగా ఊడినది. కమానులును స్తంభములును మాత్ర మింకను తమ పూర్వపు ఠీవిని విడువలేదు. మెట్లమీద పదిమంది పడుచువాండ్రు నిలిచి సెల్‌ఫోనులతో తమ బొమ్మలను తామే తీసికొనుచుండిరి. మే మొక పిల్లవానిని పిలిచి "ఇది యెవరి మేడ, నాయనా?" యని యడిగితిమి. వాడు మా వంక జాలిగా చూచి, "అరుంధతి కోట గదా సామీ! సినిమా సూళ్లేదా?" యనెను. అరుంధతి యెవరని మరల నడుగగా "గద్వాల రాణి" యని చెప్పెను. గద్వాల రాణికి బనగానపల్లెలో నేమి పనియని మూడవ ప్రశ్న వేసితిమి. వాడు తల గోకికొని "సినిమాలో అట్లనే ఉండాది" యని పరుగెత్తిపోయెను.

ఆ పిల్లవాని తప్పేమియు లేదు. కోడి రామకృష్ణ దర్శకత్వమున శ్యాంప్రసాద్ రెడ్డి నిర్మించిన "అరుంధతి" యను చిత్రము 2009 జనవరిలో విడుదలయ్యెను. అనుష్క యందు రాణిగాను, ఆ రాణి మునిమనుమరాలిగాను నటించెను. కథ జరిగినది గద్వాల సంస్థానమున. కోటగా తెరపై కనబడినది బనగానపల్లె నవాబుల బంగళా. గద్వాలకు తన కోట తనకున్నది. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో సోమనాద్రి పేరు చెప్పికొను ఆ కోట నేటికిని చూడదగియున్నది. బనగానపల్లెకును తన చరిత్ర తనకున్నది. నవాబుల యేలుబడిలో చిన్న సంస్థానముగా నుండి 1948లో మద్రాసు రాష్ట్రమున గలసిన యూరది. మామిడిపండు మూలమున దేశమంతట తెలిసిన పేరది. వీరబ్రహ్మముగారు గరిమిరెడ్డి అచ్చమ్మ యింట పసులు గాచి రవ్వలకొండలో కూర్చుండి కాలజ్ఞానము వ్రాసెనని జనులు చెప్పుకొను తావును అదియే. ఇన్ని యుండగా, చిత్రము వచ్చిన పిమ్మట నవాబు పేరు వెనుకకు పోయి అరుంధతి పేరు ముందు నిలిచినది. యాత్రికులకు దారి చూపువారును ఆ పేరే చెప్పుచున్నారు. ఒక సంస్థానపు మేడ మరొక సంస్థానపు వేషము కట్టి, వేషము విప్పుట మరచినది.

వీథినాటకములో వేషగాడు తెల్లవారగానే రంగు కడిగికొని యింటికి పోవును. రాత్రి హిరణ్యకశిపుడై ఊరి నదరగొట్టినవాడు ఉదయమున మడక పట్టును. అతనిని చూచి యెవరును జడియరు. ఊరు వేషము కట్టినచో దానికి రంగు కడుగువా రెవరు? ఈ ప్రశ్న మమ్ము యాగంటి కోనేటి మెట్లమీద కూర్చున్నప్పుడును విడువలేదు. చలనచిత్రములను గూర్చి వ్రాయుట మా పత్రికలో అలవాటు గాదని కొందరు చదువరులు ముఖము చిట్లింతురేమో. కాని మన పిల్లలు చరిత్రను పాఠ్యపుస్తకములకంటె తెరమీదనే యెక్కువగా నేర్చుకొనుచున్నారు. ఆ తెరమీద ఏ యూరు ఏ యూరుగా కనబడుచున్నదో విచారింపకుండుట యెట్లు?

మన టాకీ పుట్టినది మన నేలమీద గాదు. "భక్తప్రహ్లాద" బొంబాయిలో తీయబడి 1932లో విడుదలయ్యెను. తరువాతి చిత్రములు కలకత్తాలోను, కొల్హాపురములోను, మద్రాసులోను పుట్టినవి. 1936లో నిడమర్తి సూరయ్యగారు రాజమహేంద్రవరమున దుర్గా సినిటోనును స్థాపించి చూచిరి గాని, అది నిలద్రొక్కుకొనలేదు. ఆనాటి యంత్రముల తీరు వేరు. కెమెరా బరువైనది, మాటలను పట్టు యంత్రము అంతకంటె సుకుమారము. వీథిలో కుక్క మొరిగినను, బండి యిరుసు కిర్రుమన్నను నాయిక పలుకు చెడిపోవును. కావున నాలుగుగోడల నడుమ దీపములు వెలిగించి, గుడ్డమీద ఆకాశమును చిత్రించి, ఆ ఆకాశము క్రింద తెలుగుదేశమును సృష్టించుచుండిరి.

ఇచ్చట నొక విచిత్రము గలదు. ఆ సృష్టికర్తలలో ముఖ్యులు మన రాయలసీమవారే. బి. ఎన్. రెడ్డి, నాగిరెడ్డి సోదరులు కడప మండలపు పులివెందుల ప్రాంతమువారు. కె. వి. రెడ్డి తాడిపత్రివారు. మాలపల్లెల కష్టములను, వితంతువుల కన్నీళ్లను తెరకెక్కింపదగునని తెలుగు చిత్రములు ధైర్యము చేసిన ఆ దినములలో, వాహినీ సంస్థ పక్షమున "వందేమాతరం" (1939), "సుమంగళి" (1940) వంటి సంఘసంస్కరణ చిత్రములను బి. ఎన్. రెడ్డిగారు తీసిరి. ఆయన "మల్లీశ్వరి" 1951లో వచ్చినది. రాయలనాటి మన సీమయే దానికి ప్రాణము. వీరాపురపు పాడుగుడి, వాన, ఎడ్లబండి - వానిని మరచిన తెలుగువాడు లేడు. ఆ వీరాపురమును, ఆ రాయల నగరమును కళాదర్శకుడు ఏ. కె. శేఖర్ గారు మద్రాసులో, వాహినీ స్టూడియోలో నిలిపిరి. సీమ బిడ్డలు సీమను వెంట గొనిపోయి మద్రాసులోని వడపళని పేటలో కట్టుకొనిరి. అది వేషమే, కాని కట్టినవారు తమ తల్లి చీర పోలికను ఎరిగినవారు. కె. వి. రెడ్డిగారి "యోగి వేమన" (1947)కును ఇదే మాట చెల్లును.

యంత్రములు తేలికపడినకొలది కెమెరా స్టూడియో గడప దాటెను. దాటి యెక్కడికి పోయినది? గోదావరికి పోయినది. "మూగమనసులు" (1964)లో ఆ నదియే ఒక పాత్ర యైనది. బాపుగారి మొదటి చిత్రమైన "సాక్షి" (1967) గోదావరి తీరపు పులిదిండి గ్రామమున తీయబడెను. నాటినుండి కొబ్బరితోటయు, పడవరేవును, లంకయు, చావిడియు తెలుగు గ్రామమునకు గురుతులైపోయినవి. గోదావరి గోదావరిగానే కనబడెను; ఆమెకు వేషము కట్టవలసిన యక్కర లేకపోయెను. మేము గోదావరివారిపై అసూయతో చెప్పుట లేదు. అందమున్నచోటికి ఛాయాగ్రాహకుడు పోవుట సహజము. బస వసతి, భోజనవసతి, నీడయు నీరును ఉన్నచోట పని సాగును. కాని ఒక తావు ముప్పదియేండ్లు తనవలె తాను కనబడుచుండగా మరొక తావు అసలే కనబడకుండుటవలన, తుదకది కనబడిన దినమున జను లేమి నమ్మవలసివచ్చెనో చూడుడు.

రాయలసీమ పెద్దయెత్తున తెరమీదికి వచ్చినది ముఠాకక్షల చిత్రములతో. "ప్రేమించుకుందాం రా" 1997లో వచ్చినది. "సమరసింహారెడ్డి" 1999లో దారి తెరచినది. "నరసింహనాయుడు", "ఇంద్ర", "ఆది" మొదలైనవి 2001, 2002 సంవత్సరములలో వరుసగా నడచినవి. ముఠాకక్షలు మన ప్రాంతమున లేవని మేము బుకాయింపబోము. కోయిలకుంట్ల చుట్టుపట్ల గ్రామములలో ఆ కక్షలచే విధవలైనవారు, పొలములు బీడు పెట్టి పట్టణములకు పారిపోయినవారు గలరు. చెప్పవలసిన కథయే అది. కాని చెప్పబడినదేమి? ఎఱ్ఱని దుమ్ము రేపుకొనుచు వచ్చు జీపుల బారులు, నాటుబాంబులు, తొడగొట్టుటలు. విధవ కథ చెప్పలేదు, విధవను చేసినవాని మీసము చూపిరి. హైదరాబాదులో చదువబోయిన మా యూరి విద్యార్థి తన యూరిపేరు చెప్పగానే తోటివారు "బాంబులు తెచ్చితివా?" యని నవ్వుటయు, వాడు తన యాసను దాచికొనుటయు మేమెరుగుదుము.

మరియొక సంగతి. ఆ యెఱ్ఱదుమ్ము మాది గాదు. కోయిలకుంట్లది నల్లరేగడి. కుందూ నది పారెడు లోయ యిది. కర్నూలు-కడప కాలువ నీరు పారు పొలములున్నవి. జొన్న, ప్రత్తి, శనగ పండు భూములున్నవి. వాన పడినచో కాలికి శేరెడు మన్ను అంటుకొని మనుష్యుని నడువనీయదు. జీపు దుమ్ము లేపుటకు బదులు ఇరుసుదాక దిగబడును. నాపరాళ్లు పరచిన మిద్దెలు, నాపరాతి గోడలు, ఎండకాలమున మిద్దెమీద పడకలు - ఇవి మా యూళ్ల గురుతులు. తెరమీది సీమలో వీనిని మేము అరుదుగా చూచితిమి. నాటుబాంబు నిజమే యని యొప్పుకొన్న మేము, దాని క్రింది నేలయైన నిజముగా నుండవలెనని కోరుట అత్యాశయా?

కర్నూలు కొండారెడ్డి బురుజు సంగతి ఇంకను తమాషా యైనది. 2003లో విడుదలయైన "ఒక్కడు" చిత్రమునకు గుణశేఖర్ దర్శకుడు, మహేశ్‌బాబు నాయకుడు. అందు నాయకుని యిల్లు హైదరాబాదు పాతబస్తీలో చార్మినారు ప్రక్కన. చార్మినారుకడ జనసమ్మర్దములో తీయుట సాధ్యము గాదని నగరపు వెలుపల చార్మినారునే సెట్టుగా నిలిపిరి. కర్నూలుకు మాత్రము నిజముగా వచ్చి బురుజుముందే చిత్రించిరి. విజయనగర రాజుల నాటి కోటకు మిగిలిన బురుజది. దానిముందు వీథి, వీథిలో మా కర్నూలు జనము. ఆ యొక్క ఘట్టముతో బురుజు తెలుగువారందరకు పరిచితమైనది. పదునేడేండ్లు గడచినవి. 2020లో అదే నాయకుడు "సరిలేరు నీకెవ్వరు" చిత్రమున మరల కొండారెడ్డి బురుజుముందు నిలిచెను. కాని ఈమారు బురుజు రామోజీ ఫిలిం సిటీలో వేసిన సెట్టు! 2003లో చార్మినారునకు వేషగాడు కావలసివచ్చెను. ఆ వేషగాని ప్రక్కన నిజముగా నిలిచిన కర్నూలుకే 2020 నాటికి వేషగాడు కావలసివచ్చెను. కీర్తి వచ్చిన స్థలమునకు మరల కెమెరా రాలేదన్నమాట. వచ్చినచో జనము ఆగరు. ఇది మేము నింద చేయుటకు చెప్పలేదు. ఆ రంగపు లెక్క యిట్లుండునని చెప్పితిమి.

తక్కిన యుదాహరణములను త్వరగా దాటెదము. ఓర్వకల్లు రాతివనములో 2013 జూలైలో "బాహుబలి" చిత్రీకరణ మొదలయ్యెను. మా రాళ్లు ఒక కల్పితరాజ్యపు రాళ్లైనవి. శేషాచలపు ఎఱ్ఱచందనపు కథ యైన "పుష్ప" (2021) తూర్పుకనుమలలోని మారేడుమిల్లి యడవులలో ఎక్కువగా తీయబడినది. అచ్చటి యడవి మా యడవియైనది. ఇక కోయిలకుంట్ల మాటకు వత్తము. మేమీ వ్యాసము వ్రాయబూనినది దానికొరకే.

1800లో నైజాము దత్తమండలములను ఇంగ్లీషు కుంపినీకి ఇచ్చివేసెను. మన్రో దొర వచ్చి పాలెగాండ్ర కోటలను పడగొట్టి, కత్తులు లాగికొని, వారిలో పలువురకు నెలభరణములు ఏర్పరచెను. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి అట్టి పాలెగాండ్ర వంశమువాడు. తల్లివైపు తాత నొస్సము జమీందారు. నరసింహారెడ్డి భాగమునకు వచ్చు భరణము నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. నొస్సమువారి భరణము వారసులు లేరని కుంపినీ ఆపివేసెను. అందు తనకు రావలసినది గూడ పోయినది. మరొకవైపు, గ్రామరక్షణ చేయుచు మాన్యము లనుభవించు కట్టుబడి బంట్ల భూములపై సర్కారు కన్ను పడెను. కత్తి తెలిసి, పని పోయి, భూమి పోవునను భయమున నున్న ఆ బంట్లు నరసింహారెడ్డి చుట్టు చేరిరి. 1846 జూలైలో వారు కోయిలకుంట్ల ఖజానాపై బడి తహశీలుదారును చంపి ధనమును కొల్లగొట్టిరి. గిద్దలూరువైపు కుంపినీ సేనతో పోరు జరిగినది. నల్లమలలో దాగి, కొండలు మారి, తుదకు అక్టోబరులో పేరుసోమల ప్రాంతపు కొండలలో నరసింహారెడ్డి పట్టుబడెను. 1847 ఫిబ్రవరి 22వ తేదీ ఉదయమున, కడప కలెక్టరు కాక్రేను సమక్షమున, కోయిలకుంట్లలో జుర్రేరు ఒడ్డున, జనులు గుమిగూడి చూచుచుండగా ఉరి తీసిరి. అతని తలను కోట బురుజునకు వ్రేలాడదీసి 1877 వరకు అట్లేయుంచిరి. ముప్పది సంవత్సరములు! ఆ యూరి పిల్లలు ఆ తల క్రిందనే ఆడుకొని, పెండ్లిండ్లు చేసికొని, తమ పిల్లలకు ఆ తలను చూపిరి. ఇంతకంటె స్థలమునకు కట్టుబడిన చరిత్ర మరియొకటి మేమెరుగము. ఖజానా యిచ్చట, ఉరి యిచ్చట, బురుజు యిచ్చట.

ఈ చరిత్రను రేనాటి జానపదులు పాటగా పాడి కాపాడిరి. తంగిరాల వెంకటసుబ్బారావుగారు దానిని వెదకి "రేనాటి సూర్యచంద్రులు" అను గ్రంథముగా వెలువరించిరి. పరుచూరి సోదరులు చాలయేండ్లు మనసున మోసిన యీ కథ "సైరా నరసింహారెడ్డి" యను చిత్రమై 2019 అక్టోబరు 2వ తేదీన విడుదలయ్యెను - కత్తి పట్టినవాని కథకు గాంధీజయంతి దొరకుట కాలపు చమత్కారము! సురేందర్ రెడ్డి దర్శకుడు, రామ్‌చరణ్ నిర్మాత, చిరంజీవి కథానాయకుడు. రత్నవేలు ఛాయాగ్రాహకుడు, రాజీవన్ కళాదర్శకుడు. హైదరాబాదు శివారున కోకాపేటలో కోటలు, వీథులు సెట్టులుగా లేచినవి. ప్రధానయుద్ధమును 2018లో కాకసస్ పర్వతముల దేశమైన జార్జియాలో చిత్రించిరి. నల్లమల నీడను జరిగిన పోరు నల్లసముద్రపు టావలి గడ్డకు చేరెను. ఝాన్సీ లక్ష్మీబాయి నోట కథ చెప్పించిరి. ఆ లక్ష్మీబాయి వేషము మరల అనుష్కదే. బనగానపల్లెలో నవాబు పేరును తుడిచినామెయే కోయిలకుంట్ల వీరుని పేరును దేశమునకు వినిపించుట మాకు నవ్వును, ఆలోచనను గూడ తెచ్చినది.

చిత్రము తీసినవారిపక్షమున చెప్పవలసినది చాల గలదు. నేటి కోయిలకుంట్లలో 1846వ సంవత్సరము ఎక్కడ దొరకును? ఏ వీథి చూచినను కరెంటు స్తంభములు, తీగలు, సిమెంటు మేడలు, సెల్‌ఫోను స్తంభములు. పెద్దనటుడు వచ్చినాడన్నచో నాలుగు తాలూకాల జనము వచ్చి మీదబడుదురు, పోలీసులు చాలరు. వందలకొలది గుఱ్ఱములు, వానిని దౌడు తీయించి పడనేర్చిన రౌతులు కావలెను. కోట్లు వెచ్చించువాడు వానకు, జనమునకు, గ్రామకక్షలకు తన పెట్టుబడిని ఒడ్డలేడు. ఇవన్నియు మేమొప్పుకొందుము. కథను పెంచిరనియు మేము తగవు పెట్టుకొనము; పదునొకండు రూపాయల భరణమును, కట్టుబడి బంట్ల మాన్యములను తగ్గించి దేశస్వాతంత్ర్యమును పెంచిరి. మాకు మాత్రము ఆ పదునొకండు రూపాయల పదియణాల లెక్కయే గుండెను పట్టును. సామ్రాజ్యము ఒక ప్రాంతమును మ్రింగునపుడు మొదట అణాల లెక్కతోనే మ్రింగును. ఆ లెక్కకు కోటయక్కరలేదు, గుఱ్ఱమక్కరలేదు. ఖజానా గుమ్మమున నిలువబడి లేదనిపించుకొని తిరిగివచ్చు మనుష్యుడొక్కడు చాలును.

మా అసలు బాధ వేరు. చిత్రము ముగిసినది, జనులు ఆనందించిరి, మంచిదే. కాని ఉరి తీసిన ఒడ్డు, తల వ్రేలాడిన బురుజు, కొల్లపోయిన ఖజానా - వీని రూపములు ఇప్పుడు జనుల మనస్సులో కోకాపేట సెట్టు రూపములే. ఆ సెట్టులు నేడు లేవు. ఉన్న ఒడ్డును చూచినవాడు "ఇది గాదే!" యని పెదవి విరుచును. బనగానపల్లె మేడకు లేని చరిత్ర అంటుకొన్నది. కోయిలకుంట్లకు ఉన్న చరిత్ర ఊడిపోయినది. ఈ రెండూళ్లకు నడుమ దూరము స్వల్పము; జుర్రేటి లోయయే రెంటిని కలుపుచున్నది. ఆ లోయలోనే జ్వాలాపురమున, 74 వేల యేండ్లనాడు సుమత్రాలో టోబా యగ్నిపర్వతము గ్రక్కిన బూడిదపొర క్రిందను మీదను రాతిపనిముట్లు దొరకినవని పండితులు 2007లో ప్రకటించిరి. అంత దీర్ఘమైన జ్ఞాపకమున్న నేల, పదేండ్ల సినిమాచే తన పేరు మరచుట వింత.

ఉయ్యాలవాడకే చెందిన మరియొకనిని గూర్చి ఇచ్చట చెప్పకుండలేము. 1866 నాటి డొక్కల కరువులో బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలను తెరచి, అవి చాలక ఆస్తిని కుదువబెట్టి, వేలమందికి దినదినము గంజియు నన్నమును పోయించెను. విక్టోరియా రాణి పేర బంగారుపతకము వచ్చెనని ప్రసిద్ధి. తంగిరాలవారి గ్రంథపు పేరులో సూర్యుడు నరసింహారెడ్డియైనచో చంద్రుడితడు. ఒకే యూరు, ఇరువది సంవత్సరముల యెడము, నరసింహారెడ్డి తల ఇంకను బురుజున వ్రేలాడుచుండగానే ఈతడు గంజి పోయుచుండెను. చిత్రకథకు ఇంతకంటె ఏమి కావలెను? అయినను కత్తికి వచ్చిన కోటలు, గుఱ్ఱములు గంజితెడ్డునకు రాలేదు. ఈ చిత్రమునకైతే జార్జియా యక్కరలేదు. నల్లరేగడి, నాపరాతి మిద్దె, పొయ్యిల వరుస చాలును.

అట్లు తీయుట సాధ్యమా యని అడుగువారికి ప్రపంచమున సాక్ష్యములు గలవు. యుద్ధానంతరము రోమునగరపు వీథులలో వృత్తినటులు కానివారితో డిసీకా తీసిన "సైకిలు దొంగలు" 1948లో వచ్చినది. దానిని లండనులో చూచిన సత్యజిత్ రాయ్ కలకత్తాకు సమీపమున బోరాల్ గ్రామమున "పథేర్ పాంచాలి" (1955) తీసెను. మనలోనే గౌతమ్ ఘోష్ "మా భూమి"ని మెదకు ప్రాంతపు మంగళపర్తిలో తీసెను. తెలంగాణ రైతుల పోరాటము తెలంగాణ మట్టిమీదనే కనబడినది. మిక్కిలి దగ్గరి యుదాహరణము విశాఖపట్టణపు కంచరపాలెము. 2018లో వచ్చిన "కేరాఫ్ కంచరపాలెం" అను చిత్రమును వెంకటేశ్ మహా ఆ పేటలోనే తీసెను. నటించినవారిలో ఎనుబదిమందికి పైగా ఆ పేట నివాసులే. ఇరుకు వీథులు, అరుగులు, కూలీల యిండ్లు - ఏదియు వేషము కట్టలేదు. పేటపేరే చిత్రపుపేరు. చిత్రము చూచి ఆ పేటకు పోయినవాడు మోసపోడు. తెరమీద చూచిన వీథియే యెదుటనుండును, తెరమీద చూచిన మనుష్యుడే దుకాణముకడ నిలిచి పలుకరించును. కంచరపాలెమునకు నవాబులు లేరు, బురుజులు లేవు, ఉరితీతలు లేవు. ఉన్నది మనుష్యులు. వారిని వారుగా నిలువనిచ్చినందున ఆ పేట గౌరవము పెరిగినది.

కోయిలకుంట్ల సంగతి కంచరపాలెమంత సులువు గాదని మాకు తెలియును. గడచిన కాలమును నిలుపుట వేరు, నేటి వీథిని చూపుట వేరు. అయినను కొన్ని పనులు కోట్లతో నిమిత్తము లేనివి. పురావస్తుస్థలమును గాని పాతమేడను గాని చిత్రీకరణకు ఇచ్చునపుడు ఆ స్థలపు నిజమైన పేరును చిత్రారంభమున చూపవలెనని షరతు పెట్టవచ్చును. "ఇది బనగానపల్లె నవాబుల బంగళా, అరుంధతి చిత్రమున గద్వాల కోటగా చూపబడినది" అని ఆ మేడముందు నాలుగు పంక్తుల రాతిపలక నిలిపినచో సినిమాకు వచ్చు నష్టమేమి? సినిమాకొరకు వచ్చినవాడు చరిత్రను గూడ చదివి పోవును. పిల్లలను తెచ్చిన సినిమాపై కోపించుట మాకిష్టము లేదు. ఆ పిచ్చి లేనిచో ఆ మేడకు నేడు ఆ పదిమందియు రారు. ఇక కోయిలకుంట్ల, ఉయ్యాలవాడ, నొస్సము బడులలో పై తరగతుల పిల్లలచేతిలో సెల్‌ఫోనులున్నవి. రేనాటి పాట వచ్చిన ముసలివారు ఇంకను కొందరున్నారు. వారిని కూర్చుండబెట్టి పాడించి, ఒడ్డును, బురుజుండిన తావును, పాటలో వచ్చు కొండలను చిత్రించి యుంచుటకు దర్శకుడు రానక్కరలేదు, ఉపాధ్యాయుడు చాలును. 2021 మార్చిలో తెరచిన ఓర్వకల్లు విమానాశ్రయమునకు నరసింహారెడ్డి పేరు పెట్టిరి, సంతోషము. దిగినవారిని కోయిలకుంట్లకు తెచ్చు పని మాత్రము మనది.

యాగంటినుండి మరలివచ్చిన సాయంకాలము మేము కోయిలకుంట్లలో ఒక టీకొట్టుముందు నిలిచితిమి. బస్సుల హోరుగా నుండెను. కొట్టుగల యామెను "అమ్మా, నరసింహారెడ్డిని ఉరి తీసినది యెక్కడ?" యని యడిగితిమి. మా మాటలో సగము బస్సు మ్రింగినదేమో, ఆమె గ్లాసు కడుగుచునే "ఈడ యాడ తీసినారు సార్? అదంతా హైదరాబాదులో తీసినారంట గదా!" యనెను. బల్లమీద కూర్చున్న ముసలాయన తలయెత్తి, "సినిమా గాదు పాపా, సార్ అడిగేది ఉరి సంగతి. అది జుర్రేటి కాడ. మా అబ్బ చెప్పేటోడు" అనెను. మేమాయనను అచ్చటికి దారి చూపుమని వేడితిమి. ఆయన మా గ్లాసు ఖాళీ యగువరకు ఆగి, భుజముపై తువాలు సవరించుకొని, చేతికఱ్ఱ తీసికొని ముందు నడచెను.